కుళాయి తిప్పితే కోపం వస్తోంది

ఒక పాఠకుడు రాసిన ఎనిమిది పేజీల ఉత్తరం సారాంశం ఇది. ఆయనకు 36 ఏళ్ళు. కొన్నాళ్ళు ఇంజినీరుగా పనిచేసి, అది వదిలేసి ఒక స్వచ్ఛంద సంస్థ తరఫున ఆఫ్రికాలోని మలావికి వెళ్ళారు. మలావి సరస్సు ఒడ్డున ఒక పల్లెలో నాలుగేళ్ళున్నారు. బడిలో లెక్కలు చెప్పారు. ఊరి చేతిపంపు మొరాయిస్తే విప్పి బాగుచేశారు. గది వెనక కూరమడి వేసుకున్నారు. కరెంటు లేదు, ఒక బల్బుకీ ఫోనుకీ చాలినంత సోలార్ పలక ఉండేది. స్నానానికీ వంటకీ గిన్నెలకీ కలిపి రోజుకి ఒక 20 లీటర్ల బకెట్. సంస్థతో ఒప్పందం ముగియడంతో అయిదు నెలల క్రితం తిరిగొచ్చారు. ఇప్పుడు అన్నయ్య ఇంట్లో ఒక గదిలో ఉంటున్నారు. ఆ ఇంట్లో వదిన, ఇద్దరు పిల్లలు, అమ్మ ఉన్నారు.

"సబ్బు కొందామని సూపర్ మార్కెట్‌కి వెళ్ళి, అరల ముందు పావుగంట నిలబడి ఏమీ కొనకుండా వచ్చేశాను. వదిన కుళాయి వదిలేసి గిన్నెలు తోముతుంటే ఒళ్ళు మండుతుంది. రెండుసార్లు వెళ్ళి కట్టేశాను. రెండోసారి ఆవిడ, 'మా ఇంట్లో ఏం చేసినా నీకు దుబారాగానే కనిపిస్తుందా?' అని ఏడ్చింది. అప్పటినుంచి అన్నయ్య నాతో ముక్తసరిగా మాట్లాడుతున్నాడు. రాత్రి రెండింటిదాకా నిద్ర రాదు. అక్కడ గుమ్మం దగ్గర నిలబడి 'ఓడీ' అని కేకేస్తే ఎవరింట్లోకైనా వెళ్ళొచ్చు. ఇక్కడ పక్క ఫ్లాట్లో ఉన్నవాళ్ళ పేరు కూడా తెలీదు. ఆ ఊరినుంచి నలుగురైదుగురు డబ్బు అడుగుతూ మెసేజీలు పెడుతున్నారు. జవాబివ్వకపోతే సిగ్గుగా ఉంటుంది, ఇస్తే నా దగ్గర మిగలదు."

ఈ ఇంట్లోనే ఉంటే దాచుకున్న డబ్బు ఎనిమిది నెలలకి వస్తుందట. పాత రంగంలోనే ఒక కంపెనీ ఇంటర్వ్యూ చేసింది, రెండు వారాల్లో జవాబు రావాలి. మళ్ళీ మలావి వెళ్ళిపోనా, ఇక్కడే ఏదో పల్లెలో కాస్త భూమి కొని అలాగే బతకనా, ఉద్యోగంలో చేరనా అని అడుగుతున్నారు. మధ్యలో రెండు వాక్యాలు: "వచ్చాక రెండుసార్లు చలిజ్వరం వచ్చి అదే తగ్గింది." "మూడో ఏడు నాన్న పోయినప్పుడు వారం ఆలస్యంగా చేరుకుని, పది రోజులుండి వెళ్ళిపోయాను."

మీరు అడిగిన మూడు దారుల సంగతి తర్వాత. మీరు ఒక్కో వాక్యంలో దాటేసిన ఆ రెండు విషయాలే ముందు చూడాలి.

జ్వరం సంగతి ఈ వారమే తేల్చుకోండి. మలేరియా ఉన్న ప్రాంతం నుంచి వచ్చాక ఏడాదిలోపు ఏ జ్వరం వచ్చినా, అది మలేరియా కాదని రుజువయ్యేదాకా మలేరియాగానే చూడాలి. మలావిలో ఎక్కువగా ఉండేది ఫాల్సిపేరం రకం. అది సాధారణంగా తిరిగొచ్చిన మూడు నెలల్లోపే బయటపడుతుంది. కానీ నాలుగేళ్ళు అక్కడ దోమలు కుట్టించుకున్న మనిషికి కొంత నిరోధం వచ్చి, జ్వరం ఆలస్యంగానూ తక్కువగానూ కనిపించొచ్చు. ఓవేల్ అనే మరో రకం కాలేయంలో దాక్కుని నెలల తర్వాత పైకొస్తుంది. డాక్టరు దగ్గర 'జ్వరం' అని ఊరుకోకుండా, 'మలావిలో నాలుగేళ్ళుండి అయిదు నెలల క్రితం వచ్చాను' అని మొదటి వాక్యంగా చెప్పండి. అది చెప్పకపోతే చాలామందికి ఆ ఆలోచనే రాదు. పది నిమిషాల్లో ఫలితమిచ్చే పట్టీ పరీక్ష ఒక్కటే చేయించుకుని తృప్తిపడొద్దు, ఓవేల్‌ను అది తరచూ పట్టుకోలేదు. రక్తపు చుక్కను గాజు పలక మీద పరిచి సూక్ష్మదర్శినిలో చూసే పరీక్ష కావాలి. మొదటిసారి ఏమీ కనిపించకపోతే 12 నుంచి 24 గంటల తేడాతో మొత్తం మూడుసార్లు చేయాలి. ఓవేల్ అని తేలితే కాలేయంలో ఉన్నదాన్ని చంపడానికి ప్రైమాక్విన్ లాంటి మందు వాడతారు. దానికి ముందు జీ6పీడీ అనే రక్తపరీక్ష తప్పదు. ఆ ఎంజైము లోపం ఉన్నవాళ్ళకి ఆ మందు ఎర్రకణాలను పగలగొడుతుంది.

సరస్సులో ఈదానని, వట్టికాళ్ళతో మడి తవ్వానని సంతోషంగా రాశారు కాబట్టి ఇంకో రెండు పరీక్షలు. మలావి సరస్సు నీటిలో బిల్హార్జియా ఉంది. నత్తల్లోంచి వచ్చే పురుగు పిల్లలు చర్మం గుండా దూరి, ఏళ్ళ తరబడి ఏ బాధా లేకుండా మూత్రాశయం చుట్టూ, పేగుల చుట్టూ ఉండిపోతాయి. నీటిలో చివరిసారి దిగిన మూడు నెలలకి రక్తపరీక్ష నమ్మకంగా ఉంటుంది, మీకు ఆ గడువు దాటింది. మూత్రంలో గుడ్లు చూడాలంటే నమూనా పొద్దున లేవగానే కాదు, మిట్టమధ్యాహ్నం వేళ ఇవ్వాలి, గుడ్లు ఎక్కువగా పడేది అప్పుడే. తేలితే బరువును బట్టి ఒక్కరోజు వేసుకునే ప్రాజిక్వాంటెల్ మాత్రలతో సరిపోతుంది. రెండోది స్ట్రాంగిలాయిడ్స్ అనే పేగు పురుగు. ఇది మట్టిలోంచి అరికాళ్ళ గుండా వస్తుంది. మనిషి ఒంట్లోనే మళ్ళీ మళ్ళీ పుడుతూ దశాబ్దాలుండగలదు. ఎప్పుడో ఉబ్బసానికో కీళ్ళ నొప్పికో స్టెరాయిడ్లు వాడితే అప్పుడు ప్రాణం మీదికి తెస్తుంది. ఇదీ రక్తపరీక్షలో తెలుస్తుంది. నీరసం, నిద్రలేమి, చిరాకు అన్నీ మనసువే అనుకోకండి, కొంత ఒంటిది కావచ్చు.

ఇక నాన్నగారు. ఆయన పోయి, మీరు రాసిన లెక్క ప్రకారం, ఏడాది దాటింది. మీ అమ్మ, అన్నయ్య, వదిన ఆ ఆస్పత్రి రోజులు చూశారు, ఖాళీ కుర్చీ చూశారు, మెల్లగా అలవాటుపడ్డారు. మీరు పది రోజులుండి, ఆయన ఎప్పుడూ అడుగుపెట్టని ఊరికి వెళ్ళిపోయారు. అక్కడ ఆయన లేని లోటు కనిపించే చోటే లేదు. అంటే మీకు ఆ దుఃఖం మొదలైంది అయిదు నెలల క్రితమే, వాళ్ళకి అది చాలావరకు ముగిశాక. ఇల్లు పరాయిదిగా ఉందని మీరు రాసినదాంట్లో ఎంత నగరానిదో, ఎంత ఆయన లేకపోవడానిదో ఉత్తరం చదివి నేను విడదీయలేను. మీరు విడదీసి చూడాలి. నగరం మీద కోపం తెచ్చుకోవడం తేలిక, తండ్రి మీద బెంగ అలా బయటికి రాదు.

మీ అన్నయ్య ముక్తసరితనం కూడా కుళాయితో మొదలైందని నాకు అనిపించడం లేదు. నాన్నగారి వైద్యం ఖర్చు ఎవరు పెట్టుకున్నారు, రాత్రిళ్ళు ఎవరు మేలుకున్నారు అన్న ప్రస్తావన మీ ఉత్తరంలో లేదు. ఇంట్లో కూడా రాలేదేమో. ఒక సాయంత్రం ఆయన్ని ఒంటరిగా బయటికి తీసుకెళ్ళి, 'ఆ చివరి నెలలో ఏం జరిగిందో మొదటినుంచి చెప్పన్నయ్యా, నాకు తెలీదు' అని అడగండి. మధ్యలో మీ వైపు కారణాలు చెప్పకుండా వినండి. ఖర్చుల మాట వస్తే 'నా వాటా ఎంత' అని అడగండి, ఇప్పుడు ఇవ్వలేకపోయినా సరే. దీనివల్ల తక్షణం మంచే జరుగుతుందని మాటివ్వలేను. దాచుకున్న కోపం బయటికొచ్చి రెండు రోజులు ఇల్లు బరువెక్కొచ్చు. అడక్కపోతే మాత్రం ఆ కోపం కుళాయి, మిగిలిన అన్నం, ఫ్యాను స్విచ్చి రూపంలో వస్తూనే ఉంటుంది.

ఇంటికి తిరిగొచ్చినవాడి తికమక కొత్తది కాదు. యుద్ధం నుంచి తిరిగొచ్చే సైనికులను గమనిస్తూ ఆల్ఫ్రెడ్ షుట్జ్ అనే సామాజికవేత్త 1945లో దీని గురించి రాశాడు. వెళ్ళినవాడు ఇల్లు తాను వదిలినట్టే ఉంటుందనుకుంటాడు, ఇంట్లోవాళ్ళు వెళ్ళినవాడే తిరిగొచ్చాడనుకుంటారు, రెండూ నిజం కాదు. 'నేను మారానా, వీళ్ళు మారారా' అని మీరు అడిగినదానికి జవాబు అదే: ఇద్దరూ. 1963లో గలాహోర్న్ దంపతులు, విదేశంలో కుదురుకోవడానికి పడిన తిప్పలే తిరిగొచ్చాక మరోసారి పడాల్సి వస్తుందని ఒక గీత గీసి చూపించారు. అందరి అనుభవమూ ఆ గీతలో ఒదగదని తర్వాతివాళ్ళు తేల్చారు కాబట్టి, ఫలానా నెలకి మీరు మామూలైపోతారని ఎవరైనా చెబితే నమ్మకండి.

మీ ఉత్తరమంతటిలో నేను ఒప్పుకోలేనిది ఒకటుంది. అక్కడ నిరాడంబరంగా బతికానని, ఇక్కడ అందరూ దుబారాగా బతుకుతున్నారని రాశారు. అక్కడ మీరు రోజూ నిగ్రహించుకుని తక్కువ వాడలేదు. పంపు ఒకటే, బకెట్ ఒకటే, కొట్లో సబ్బు ఒకటే రకం, చీకటి పడితే చేసేదేమీ లేదు. ఊరి ఏర్పాటే మీ బదులు నిర్ణయాలు తీసుకుంది. పైగా మీకు నెల భత్యం వచ్చేది, జబ్బు ముదిరితే విమానంలో తరలించే బీమా ఉంది, తిరుగు టిక్కెట్టు ఉంది. మీ పక్కింటామెకి అవేవీ లేవు. ఇంట్లోకి కుళాయి వస్తుందంటే ఆమె రేపే పెట్టించుకుంటుంది, గిన్నెలు తోమేటప్పుడు వదిలేస్తుంది కూడా. ఆమె కష్టాన్ని తెచ్చి మీ వదినని కొలిచే బద్దగా వాడటం ఇద్దరికీ అన్యాయమే. అంటే అక్కడ మీకు దొరికింది అబద్ధమని కాదు. అది గుణంగా కాక ఏర్పాటుగా దొరికింది. కాబట్టి ఇక్కడ మీ బతుకు వరకు అలాంటి ఏర్పాట్లు చేసుకోవచ్చు, ఇతరుల ఇంట్లో ఉపదేశంగా మాత్రం చెల్లదు.

కుళాయి సంగతే తీసుకోండి. మీ లెక్క తప్పు కాదు. ఒక లీటరు సీసా కుళాయి కింద పెట్టి ఎన్ని సెకన్లలో నిండుతుందో చూడండి. 6 సెకన్లయితే నిమిషానికి 10 లీటర్లు, పది నిమిషాల గిన్నెలకి 100 లీటర్లు, అంటే ఆ ఊళ్ళో మీ అయిదు రోజుల నీళ్ళు. కానీ ఇక్కడ ఆపిన నీళ్ళు అక్కడికి చేరవు. ఇక్కడి నీటి కోసమే అయితే, ఇంజినీరుగా చేయగలిగింది చాలా ఉంది. కుళాయి మూతికి బిగించే జాలీ, ఏరేటర్ అంటారు, ధారను దాదాపు సగానికి తగ్గిస్తుంది, గిన్నె తోమేవాళ్ళకి తేడా పెద్దగా తెలియదు. కొనేముందు మూతి మర లోపలుందా బయటుందా చూసుకోండి, తేడా వస్తే పట్టదు. ట్యాంకుకి మరీ దగ్గరగా ఉన్న పై అంతస్తు కుళాయికి ఒత్తిడి తక్కువ, అక్కడ బిగిస్తే సన్నని ధార వచ్చి వదినకి మరో చిరాకు. ఇసుక, సున్నం పేరుకుంటే రెండు మూడు నెలలకోసారి విప్పి రాత్రంతా వెనిగర్‌లో నానబెట్టాలి, ఆ పని మీదే. మరుగుదొడ్డి ఫ్లష్ ట్యాంకులో నాలుగు చుక్కల రంగు వేసి అరగంట ఎవర్నీ వాడొద్దని చెప్పండి. రంగు కిందికి దిగితే వాషరు పోయినట్టు, కంటికి కనపడకుండా రోజుకి వందల లీటర్లు పోతుండొచ్చు. ఫ్లష్ కారుతున్నట్టు తేలితే, కుళాయి కట్టేయడం కన్నా ఈ రెండూ ఎక్కువ నీళ్ళు మిగల్చొచ్చు. అయితే బిగించేముందు 'వదినా, ఇది పెట్టనా? నచ్చకపోతే తీసేస్తాను' అని అడగండి. అది ఆవిడ వంటిల్లు. ఆ రోజు జరిగినదానికి క్షమాపణ ఇంకా చెప్పకపోతే ముందు అది చెప్పండి, కారణాలు జోడించకుండా. వారంలో రెండు రోజులు వంట, గిన్నెలు మీరు తీసుకోండి. మీ చేతిలో ఉన్న కుళాయిని మీకు నచ్చినంత సన్నగా తిప్పుకోవచ్చు.

కొట్లో అరల ముందు నిలబడిపోవడం చిన్న సమస్య, త్వరగా పోయేది. 24 రకాల జామ్ పెట్టిన బల్ల దగ్గరకన్నా 6 రకాలు పెట్టిన బల్ల దగ్గర ఆగినవాళ్ళే ఎక్కువ శాతం కొన్నారని 2000లో షీనా అయ్యంగార్, మార్క్ లెపర్ ప్రచురించిన ప్రయోగం ప్రసిద్ధమైంది. తర్వాతి ప్రయోగాలన్నీ దాన్ని బలపరచలేదు, అయినా మీ పరిస్థితికి సరిపోతుంది. పెద్ద దుకాణం మానేసి చిన్న కొట్టుకి, జనం లేని వేళ, నాలుగు వస్తువుల చీటీతో వెళ్ళండి. సబ్బు లాంటివి ఒకసారి ఎంచుకుని ఏడాదిపాటు మార్చకండి.

నిద్ర అలా కాదు, దానికి క్రమం కావాలి. ఆ సరస్సు ఒడ్డున ఏడాదంతా సూర్యాస్తమయం సుమారు సాయంత్రం అయిదుంబావు, ఆరున్నర మధ్యే. నాలుగేళ్ళు చీకటి పడ్డ రెండు మూడు గంటలకి పడుకున్న శరీరం, ఇప్పుడు అర్ధరాత్రిదాకా ట్యూబులైట్ల కింద ఉంటోంది. నిద్ర పట్టకపోయినా లేచే వేళ మార్చకండి, ఆరంటే రోజూ ఆరే. లేచిన గంటలోపు ఆరుబయట అరగంట నడవండి. పడుకోవడానికి రెండు గంటల ముందు మీ గదిలో పసుపురంగు చిన్న బల్బు ఒక్కటే ఉంచి, ఫోన్ హాల్లో వదిలేయండి. మీకు ఆ ఊరి మెసేజీలు వచ్చేది కూడా ఆ వేళకే కాబట్టి రెండిందాలా మేలు. రోడ్డు రొదకి చెవుల్లో పెట్టుకునే నురుగు బిళ్ళలు చాలు. పగటి నిద్ర అరగంట దాటితే ఇదంతా వృథా. ఇలా చేసినా రెండు వారాలపాటు దాదాపు రోజూ నిద్ర లేకపోవడం, ఆకలి మందగించడం, దేనిమీదా ఆసక్తి లేకపోవడం ఉంటే మానసిక వైద్యుల్ని కలవండి. బతకాలని లేదనే ఆలోచన ఒక్కసారి వచ్చినా రెండు వారాలు ఆగొద్దు.

డబ్బు అడిగేవాళ్ళ విషయం సిగ్గుతో కాకుండా క్యాలెండరుతో చూడండి. అక్కడ వానలు నవంబరులో మొదలవుతాయి, మొక్కజొన్న చేతికొచ్చేది ఏప్రిల్, మేలలో. జనవరి నుంచి మార్చిదాకా పాత గింజలు అయిపోయి కొత్తవి రాని నెలలు. మెసేజీలు ఎక్కువగా ఆ నెలల్లో వచ్చి ఉంటాయి, చూసుకోండి. మనసు కరిగి ఫిబ్రవరిలో పంపిన డబ్బు రెండు వారాల తిండి అవుతుంది. అదే డబ్బు అక్టోబరు చివరికి చేరితే ఎరువు అవుతుంది, విత్తేటప్పుడొకసారి, మూడు నాలుగు వారాలకి మరోసారి వేసే అదను దొరుకుతుంది. అదను దాటాక వేసిన ఎరువు చాలావరకు దండగ.

అడిగినవాళ్ళందరికీ ఇస్తే ఎనిమిది నెలల డబ్బు నాలుగు నెలలకే ఆవిరవుతుంది, అడిగేవాళ్ళూ పెరుగుతారు. ఎవరికీ ఇవ్వక మౌనంగా ఉంటే నాలుగేళ్ళ స్నేహాలు తెగిపోతాయి, సిగ్గు మాత్రం మిగులుతుంది. మధ్యే దారి: ఏడాదికి ఇంత అని ఒక మొత్తం ఇవాళే నిర్ణయించుకుని, ఒకటి రెండు కుటుంబాలకి, ఒకే నెలలో, మొబైల్ డబ్బు ద్వారా నేరుగా పంపడం. మిగతావాళ్ళకి 'నాకింకా ఉద్యోగం లేదు, ఈ ఏడు పంపలేను' అని నిజం చెప్పండి. సంపాదన లేదంటే వాళ్ళకి అర్థమవుతుంది, మీరు అనుకునేదానికన్నా బాగా. అప్పుగా ఇవ్వకండి. వసూలు కాదు, స్నేహమూ పోతుంది. ఆడవాళ్ళ పొదుపు సంఘానికి, వాళ్ళు బ్యాంక్ మ్ఖోండే అనేదానికి, మొత్తంగా ఇచ్చేద్దామా అని రాశారు. వద్దు. అవి నిలిచేది సభ్యులు తమ చేత్తో దాచిన డబ్బు మీద. బయటినుంచి ఊరికే వచ్చిన సొమ్ము కలిస్తే తిరిగి కట్టాలన్న పట్టు పోతుంది, లెక్కల దగ్గర తగువులొస్తాయి. మంచి ఉద్దేశంతో చెడగొట్టిన సంఘాలు తక్కువేం కాదు.

ఇప్పుడు మీ మూడు దారులు.

మలావికి తిరిగి వెళ్ళడమంటే రెండు వేర్వేరు సంగతులు. సంస్థ ఉద్యోగిగా ఇంకో ఒప్పందం మీద వెళితే భత్యం, వీసా, బీమా ఉంటాయి. కాకపోతే అదే ఊరు దొరక్కపోవచ్చు. మరో మూడు నాలుగేళ్ళకి, నలభై దగ్గరపడ్డాక, ఇదే గదికి ఇదే స్థితిలో తిరిగొస్తారు. అప్పటికి అమ్మ ఉంటుందా అన్నది కూడా ఆలోచించే వెళ్ళాలి. అదే వృత్తిగా పెట్టుకుంటానంటే అది తప్పేమీ కాదు, ఆ పనిలోనే జీవితాంతం ఉన్నవాళ్ళున్నారు, కానీ వాళ్ళు పదవీ విరమణ పొదుపు మొదటినుంచీ చూసుకుంటారు. ఇక సొంతంగా, ఊరివాడిలా బతకడానికి వెళ్ళడం వేరే విషయం. నివాస అనుమతి కావాలి. భూమి విదేశీయుడి సొంతం కాదు, లీజే దారి. అక్కడ చాలా కుటుంబాలు ఒక హెక్టారు కన్నా తక్కువ నేల మీద, ఏడాదికొక వాన పంట మీద బతుకుతున్నాయి. భత్యం లేని మీరు ఆ నేలకి మరో పోటీదారు అవుతారు. ఇది చదివి మీకు బాధ కలగొచ్చు, అయినా మీరే లెక్క వేసి చూడండి. వెళ్ళాలన్న తపన తీరడానికి, సంపాదన మొదలయ్యాక నెల రోజులు చుట్టంలా వెళ్ళి రావడం అన్న నాలుగో దారి కూడా ఉంది. మీ ఉత్తరంలో అది లేదు.

ఇక్కడే భూమి కొనడం. మీ ఉత్సాహం చూస్తే ఇది మీకు అన్నిటికన్నా ఇష్టమైనది, అందుకే ఎక్కువ భయపెట్టేదీ ఇదే. దాచుకున్నదంతా భూమి మీద పెడితే కంచెకి, బావికి, మొదటి పంట పోతే తినడానికి మిగలదు. పల్లె జీవితం విఫలమయ్యేది చాలాసార్లు పనిరాక కాదు, రెండో ఏటి ఖర్చు లేక. కొనకుండా ముందు ఒక పల్లెలో ఇల్లు అద్దెకి తీసుకుని ఏడాది పూర్తిగా ఉండండి, అన్ని కాలాలూ చూడండి. నీళ్ళు అట్టడుగుకి పోయే నెలలో ఆ బావి ఎలా ఉందో చూడని భూమి కొనకూడదు. దారి ఎవరి పొలం మీదుగా వెళుతుంది, అది కాగితం మీద ఉందా, నోటిమాటేనా అన్నది రెండో ప్రశ్న. మూడోది డబ్బుకి సంబంధించినది కాదు. మలావి పల్లెలో మీరు ఉపాధ్యాయుడు, పంపు బాగుచేసే మనిషి, అతిథి. గుమ్మంలోంచి 'ఓడీ' వినపడటానికి ఆ మూడూ కారణమే. ఇక్కడి పల్లెలో మొదటి ఏడాది మీరు నగరం నుంచి వచ్చి ప్రయోగం చేస్తున్న ఒంటరి మనిషి. ఆ ఊరికి మీరు ఏ పనికొస్తారో ముందు తేల్చుకోకపోతే, మడిలో కూరలు పండినా సాయంత్రం మాట్లాడే దిక్కుండదు.

ఉద్యోగం. దీనివల్ల మీకొచ్చేది జీతంకన్నా ముందు ఒక గది. మీ ఇంట్లో గొడవల్లో సగం, సంపాదన లేని పెద్ద మగవాడు మరొకరి ఇంట్లో నియమాలు పెట్టడం వల్ల వస్తున్నవి. ఇప్పటికిప్పుడు వేరే గదికి మారితే పొదుపు మూడు నాలుగు నెలల్లో కరిగిపోతుంది. అందుకే ముందు ఉద్యోగం, రెండో జీతం తర్వాత గది. ఆఫీసుకి నడిచి వెళ్ళేంత దగ్గర్లో ఒకటే గది తీసుకోండి. ఒక బకెట్, ఒక దీపం, నాలుగు గిన్నెలు, మీకు నచ్చిన ఏర్పాటు అక్కడ చేసుకోవచ్చు, ఎవర్నీ నొప్పించక్కర్లేదు. ప్రమాదమూ ఉంది. జీతం వచ్చేకొద్దీ ఖర్చులు పేరుకుంటాయి, రెండేళ్ళకి మలావి ఒక ఫోటో ఆల్బం అవుతుంది. దానికి విరుగుడుగా మొదటి నెలనుంచే జీతంలో ఒక వంతు వేరే ఖాతాలోకి దానంతటదే వెళ్ళేలా పెట్టండి. అది భూమి ఖాతానో, మలావి ప్రయాణం ఖాతానో ఇప్పుడే నిర్ణయించనక్కర్లేదు.

మీరు ఏ దారి ఎంచుకున్నా ఈ క్రమం మంచిదని నాకు అనిపిస్తోంది: పరీక్షలు, అన్నయ్యతో మాట, ఉద్యోగం ఏడాదిపాటు, ఆ తర్వాత పెద్ద నిర్ణయం. జ్వరంతో, నిద్రలేకుండా, తండ్రి మీద బెంగతో ఉన్నప్పుడు దేశం మారే నిర్ణయం తీసుకోకపోతే నష్టమేమీ లేదు. కాదు, ఈ నగరంలో ఏడాది కూడా వల్లకాదు అనుకుంటే పల్లెలో అద్దె ఇల్లు ఉంది. కానీ అప్పుడు నెలకి కొంతైనా తెచ్చే పని, దూరం నుంచి చేయగలిగేదో ఆ ఊళ్ళోనే దొరికేదో, చేతిలో పెట్టుకునే వెళ్ళండి.

ఈ కంపెనీ కాదంటే ఇంకో ఇంటర్వ్యూ ఉంటుంది కాబట్టి ఒక మాట. 'ఈ నాలుగేళ్ళు ఏం చేశారు' అన్న ప్రశ్నకి 'నా జీవితమే మారిపోయింది' అని మొదలుపెట్టానని రాశారు. అడిగినవాళ్ళకి కావలసింది అది కాదు. 'దాదాపు 250 మంది ఆధారపడే చేతిపంపు నా బాధ్యత. అఫ్రిదేవ్ రకం. ఏడాదికోసారి యూ సీలు, బాబిన్లు, బేరింగులు మార్చేవాణ్ణి. ఆ పని ఊళ్ళో ఇద్దరికి నేర్పి వచ్చాను, ఇప్పుడు వాళ్ళే చేస్తున్నారు.' ఒకటిన్నర నిమిషంలో ఆపండి. ఈ పనులన్నీ మీ ఉత్తరంలోనే ఉన్నాయి, ఆరో పేజీలో చెల్లాచెదురుగా.

ఉద్యోగం వచ్చిందని కబురొస్తే వెంటనే సరే అనకుండా మూడు విషయాలు రాతపూర్వకంగా అడగండి. చేరే తేదీ నాలుగు వారాల తర్వాత పెట్టగలరా? పరీక్షలు, అవసరమైతే మందులు ఈలోగా అయిపోతాయి. ఆరు నెలల తర్వాత జీతం తగ్గించుకుని వారానికి నాలుగు రోజులు పనిచేసే వీలుందా? లేదంటే లేదు, అడిగితే పోయేదేమీ లేదు. మానేయాలంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలి, రెండేళ్ళో మూడేళ్ళో ఉండాలనే బాండు ఏమైనా ఉందా? బాండు ఉంటే సంతకానికి ముందు తీసేయమని అడగండి. తీసేది లేదంటే ఆ ఉద్యోగం మీ ఏడాది గడువుకి పనికిరాదు, ఎనిమిది నెలల డబ్బుంది కాబట్టి మరొకటి వెతుక్కోవచ్చు.